గోడ మధ్యలో థర్మకోల్ పెట్టించినం, ఇప్పుడు గోడంతా నెమ్ము: ఏం చేయాలె?

ఈ ఎపిసోడ్ గోడల గురించి. "గోడల గురించి చెప్పేదానికి ఏముంటదన్నా" అనుకోకండి, ఒక ఇంటోళ్ల లక్షల రూపాయలు, ఒక ముసలామె దగ్గు, రెండూ ఆ గోడకే తగులుకొని ఉన్నయి.

కోదాడ దగ్గర ఊరి నుంచి ఒక తమ్ముడు ఫొటోలు పంపిండు. 2022లో ఇల్లు కట్టుకున్నరు. పడమర దిక్కు గోడ ఎండకు బాగా కాలుతదని, వీడియోల్లో చూసి, రెండు గోడలు కట్టించి మధ్యలో రెండంగుళాల థర్మకోల్ షీట్లు పెట్టించిండ్రు. మొదటి ఎండాకాలం సూపర్ అనిపించిందట. 2024 వానల తర్వాత గోడ అడుగున మరక మొదలైంది. ఇప్పుడు మోకాలు ఎత్తు దాకా వచ్చింది. లప్పం పొరలు పొరలుగా ఊడుతోంది, బీరువా వెనక నల్లగా బూజు. ఆ గదిలో పడుకునేది నాయనమ్మ, ఆమెకు ఆయాసం. మేస్త్రీని పిలిస్తే "లోపల పీవీసీ ప్యానెల్స్ కొట్టేద్దాం, కనిపించదు" అన్నడట. తమ్ముడి ప్రశ్న: "అన్నా, ప్యానెల్ వేయించాల్నా, గోడ పడగొట్టాల్నా?"

తమ్మీ, రెండూ ఇప్పుడే వద్దు. ఎందుకో చెప్త.

ముందు అసలు ఈ రెండు గోడల ఐడియా ఎక్కడిదో తెల్వాలె. ఇది మనది కాదు, ఇంగ్లండ్‌ది. 19వ శతాబ్దంలో అక్కడ మొదలుపెట్టినప్పుడు కూడా వేడి కోసం కాదు, చలి కోసం కాదు, వాన కోసం. అక్కడ వాన నిలువుగా పడదు, గాలితో అడ్డంగా గోడకు కొడతది. ఇటుక నీళ్లు తాగుతది. అందుకని రెండు గోడలు కట్టి మధ్యలో ఖాళీ వదిలిండ్రు. బయటి గోడ తడుస్తది, నీళ్లు దాని లోపలి ముఖం మీద నుంచి కిందికి జారి, అడుగున వదిలిన చిన్న సందుల్లో నుంచి బయటకు పోతయి. లోపలి గోడ పొడిగా ఉంటది. బయటి గోడ గొడుగు, లోపలి గోడ చొక్కా అనుకోండి. గొడుగు తడిస్తే మనకేం బాధ లేదు, చొక్కాకు అంటకపోతే చాలు.

1970ల్లో ఆయిల్ ధరలు పెరిగినయి. ఇల్లు వెచ్చగా పెట్టుకునే ఖర్చు తగ్గించాలని ఆ ఖాళీలో ఫోమ్, దూది లాంటి ఫైబర్, థర్మకోల్ పూసలు నింపుడు మొదలైంది. తర్వాత ప్రభుత్వ స్కీములు పెట్టి లక్షల ఇళ్లకు నింపిండ్రు. సరైన గోడకు, సరిగ్గా నింపితే మంచి పనే, చాలా ఇళ్లలో ఇప్పటికీ బాగనే ఉంది. కానీ పడమటి తీరం, వేల్స్ లాంటి వాన ఎక్కువ కొట్టే చోట్ల, పగుళ్లున్న గోడల్లో కూడా చూడకుండా నింపేసిండ్రు. ఏమైంది? గొడుగుకూ చొక్కాకూ మధ్య తడి గుడ్డ కుక్కినట్టయింది. బయటి తడి లోపలికి నడిచొచ్చింది. నింపినదాన్ని తీయాలంటే గోడలో అక్కడక్కడ ఇటుకలు పీకి, గాలి కొట్టి, వాక్యూమ్‌తో లాగాలె. 25 ఏండ్ల గ్యారంటీ కాయితాలు ఉన్నోళ్లు కూడా ఏండ్ల తరబడి తిరిగిండ్రు.

ఇది పాత కథ కాదు. గోడకు బయటి వైపు వేసే ఇన్సులేషన్ ఇంకో రకం ఉంటది. ఈ మధ్య ప్రభుత్వ స్కీముల కింద అట్ల వేసిన ఇళ్లల్లో 98 శాతం సరిచేయాల్సినవే అని 2025 అక్టోబర్‌లో అక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీస్ చెప్పింది. నూటికి తొంభై ఎనిమిది! రూల్స్, ఇన్‌స్పెక్టర్లు, సర్టిఫికెట్లు ఉన్న దేశంలో ఈ సంగతి. మన దగ్గర మేస్త్రీ వీడియో చూసి చేసిన పని పాడైతే ఆశ్చర్యమేముంది చెప్పండి.

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పోరగాళ్లు కూడా చాలామంది అక్కడ చదువుకుంటున్నరు, అద్దె రూముల్లో ఉంటున్నరు. రూములో నల్ల బూజు వస్తే "బట్టలు లోపల ఆరేస్తున్నవు, నీదే తప్పు" అంటడు ఓనర్. కొన్నిసార్లు నిజమే, కొన్నిసార్లు గోడదే తప్పు. ఎట్ల తేల్చాల్నో ముందు చెప్త, కోదాడైనా లెస్టర్ అయినా టెస్టు ఒక్కటే.

ఇప్పుడు మన గోడ దగ్గరికి వద్దాం. థర్మకోల్ తప్పా? కాదు. పొడిగా ఉంటే థర్మకోల్ వేడిని ఆపుడులో ఇటుక కంటే దాదాపు ఇరవై రెట్లు మేలు. రెండంగుళాల షీటు అంటే లెక్క ప్రకారం దగ్గర దగ్గర 40 అంగుళాల ఇటుక గోడంత. ఎందుకంటే అందులో ఉన్నది ఎక్కువ గాలే, చిన్న చిన్న బుడగల్లో కదలకుండా ఉన్న గాలి. నీళ్లు ఆ గాలి కంటే ఇరవై రెట్లకు పైగా ఎక్కువ వేడిని మోస్తయి. షీటు పూసల మధ్య సందుల్లోకి, షీటుకూ ఇటుకకూ మధ్యలోకి నీళ్లు చేరితే ఇగ అది వేడిని ఆపుడు బంద్. డబ్బులు పెట్టి గోడ లోపల తడి గుడ్డ పెట్టుకున్నట్టే.

మరి నీళ్లు ఎక్కడివి? ఇదే అసలు ప్రశ్న. మన కట్టుడులో నాకు కనిపించే తప్పులు చెప్త. ఇంగ్లండ్ గోడకు అడుగున నీళ్లు పోయే సందులు ఉంటయి అన్న కదా, మనోళ్లు అవి పెట్టరు. పెడితే "చీమలు వస్తయి, పాములు వస్తయి" అంటరు. జాలి పెడితే సరిపోతది, కానీ వినరు. కాబట్టి లోపలికి వచ్చిన నీళ్లు అక్కడే నిలుస్తయి, గోడ అడుగు ఒక సన్నటి తొట్టి అయితది. రెండోది, గోడ కట్టేటప్పుడు కారిన మాలు థర్మకోల్ పక్కన పడి గట్టిపడతది. అది రెండు గోడల మధ్య చిన్న వంతెన. దాని మీద నుంచే తడి నడుస్తది. లోపలి గోడ మీద గుండ్రటి మరకలు విడివిడిగా కనిపిస్తున్నయంటే ఇదే అని అనుమానపడాలె.

పైనుంచి కూడా వస్తయి. పిట్టగోడ మీద నీటి వాలు లేకపోతే, సజ్జ గోడకు కలిసే చోట పగులు ఉంటే, వాన నీళ్లు నేరుగా రెండు గోడల నడుమ దిగుతయి. మరక అడుగున కనిపిస్తది, కన్నం పైన ఉంటది. బాత్రూం ఆ గోడకే ఆనుకొని ఉంటే పైపు జాయింటు కూడా చూడాలె.

ఇగ మన నేల. సాగర్ ఎడమ కాలువ కింద మస్తు ఊర్లలో నల్లరేగడి. వానకు ఉబ్బుతది, ఎండకు ముడుచుకుంటది. పునాది దానికి తగ్గట్టు వేయకపోతే గోడలో పగుళ్లు వస్తయి. నాలుగున్నర అంగుళాల గోడకైతే ఇంకా తొందరగా. చుట్టూ వరి మడులు నిండుగా ఉన్న సీజన్‌లో కింద నుంచి కూడా నేల తడిగా ఉంటది. ప్లింత్ మీద తడి ఎక్కకుండా డీపీసీ సరిగ్గా వేయకపోతే గోడ వత్తి లాగ నీళ్లు పీల్చుకుంటది. దీపం వత్తి నూనె పీల్చినట్టు. ఆ నీళ్లతో ఉప్పు కూడా పైకొస్తది. గోడ మీద తెల్లగా పిండి లాగ వచ్చేది అదే. క్యూరింగ్‌కు ఉప్పు బోరు నీళ్లు కొట్టి ఉంటే ఇంకా ఎక్కువ.

తమ్ముడి కేసులో ఇంకోటి ఉంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 వానలు గుర్తున్నయి కదా. కోదాడ మునిగింది, కార్లు కొట్టుకపోయినయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. వాళ్ల ఇంట్లోకి కూడా మోకాలు లోతు నీళ్లు వచ్చి ఒక పూట ఉన్నయట. ఇంట్లో నీళ్లు ఎత్తిపోసిండ్రు, నేల కడిగిండ్రు, గోడ మధ్యలోకి పోయిన నీళ్లను మాత్రం ఎవ్వరూ తీయలే. ఎట్ల తీస్తరు, అక్కడ నీళ్లున్నయని ఎవరికి తెలుసు? సందులు లేవు, గాలి ఆడదు. నెల రోజుల్లో లప్పం కొట్టి రంగు వేసిండ్రు. నీళ్లను సీసాలో పెట్టి మూత పెట్టినట్టయింది. మునిగిన ఇళ్లల్లో ఇట్లాంటి గోడ ఎవరిదైనా ఉంటే, మరక రాకున్నా ఒకసారి చెక్ చేసుకోండి.

చెక్ ఎట్ల చేయాలె. మేస్త్రీని పిలిచే ముందే, మీ ఫోన్‌తో సగం పని అయితది.

మొదట, మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాసి ఫొటో తీయండి. ప్రతి ఆదివారం ఇదే పని. వాన పడినంక మరక గీత దాటిందా, ఎండకు వెనక్కి పోయిందా? వానతో సంబంధం లేకుండా రోజూ ఒకేలాగ పెరుగుతుంటే పైపు మీద అనుమానం. వరి నాట్ల నుంచి కోతల దాకా తడిగా ఉండి తర్వాత ఆరుతుంటే నేల మీద అనుమానం.

రెండోది పాలిథిన్ టెస్టు. అడుగు పొడవు, అడుగు వెడల్పు పారదర్శకమైన కవర్ తీసుకొని, మరక ఉన్న చోట గోడకు నాలుగు దిక్కులా టేప్‌తో గాలి పోకుండా అంటించండి. రెండు రోజులు ఆగండి. కవర్ లోపలి వైపు, అంటే గోడ వైపు, చుక్కలు పడితే తడి గోడలో నుంచి వస్తుంది. కవర్ పైన, గది వైపు చుక్కలు పడితే అది గదిలో గాలి తేమ. ఇంగ్లండ్‌లో రూము ఓనర్‌తో గొడవ పడేటోళ్లు ఈ ఫొటో తీసి పెట్టుకోండి, మాటల కంటే మంచిగ పనిచేస్తది. కాకపోతే టేప్ అంటాలంటే ఊడిపోయే లప్పం ముందు గీకాలె.

మూడోది, రాత్రి నల్లాలన్నీ కట్టేసి ట్యాంక్‌లో నీటి మట్టం గుర్తు పెట్టుకోండి. పొద్దున దిగితే పైపు ఎక్కడో కారుతుంది.

నాలుగోది నాకు బాగా ఇష్టం. ఫోన్‌కు పెట్టుకునే వైరు కెమెరా ఉంటది, బైకు మెకానిక్‌లు వాడతరు చూడండి, సన్నటి పాము లాగ, ముందర లైటుతో. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు కూడా దొరుకుతది. గోడ అడుగున, రెండు ఇటుకల మధ్య మాలులో పది మిల్లీమీటర్ల కన్నం డ్రిల్ వేసి దాన్ని పంపితే లోపల షీటు తడిగా ఉందా, మాలు పేరుకుందా, చీమలు గూడు పెట్టినయా, అన్నీ కనిపిస్తయి. అవును, చీమలకు థర్మకోల్ అంటే ఇష్టం, తొలిచి ఇల్లు కట్టుకుంటయి. కన్నం బయటి వైపు నుంచే వేయండి. స్విచ్ బోర్డు దగ్గర, దాని పైనా కిందా అసలు వేయొద్దు, వైర్లు ఉంటయి.

వైర్లు అంటే గుర్తొచ్చింది, ఇది చాలామందికి తెల్వదు. మామూలు కరెంటు వైరు మీద ఉండే పీవీసీ తొడుగు థర్మకోల్‌కు తగిలి ఏండ్ల తరబడి ఉంటే, తొడుగును మెత్తగా ఉంచే పదార్థం థర్మకోల్‌లోకి పోతది. తొడుగు పెళుసుబారుతది, థర్మకోల్ కరిగినట్టయితది. పైగా థర్మకోల్ మధ్యలో వైరు వేడి బయటకు పోదు. థర్మకోల్ అంటుకుంటే నల్లటి పొగ. మీ గోడలో వైరు పైపు లేకుండా నేరుగా షీటు పక్క నుంచి పోతుంటే, నెమ్ము సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఏసీ లైను అయితే ఈ రోజే.

సరే, ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు జవాబు. పీవీసీ ప్యానెల్ ఎందుకు వద్దు? తడి పోదు, కనిపించకుండా పోతది. ప్యానెల్ వెనక చీకటి, తేమ, గాలి లేదు, బూజుకు అంతకంటే మంచి జాగా ఉండదు. నాయనమ్మ మాత్రం అదే గాలి పీలుస్తది. 2020 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో రెండేండ్ల బాబు ఇంట్లో బూజు వల్ల ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయిండు. ఆ తర్వాతనే అక్కడ సోషల్ హౌసింగ్ ఇళ్లల్లో నెమ్ము, బూజును గడువులోగా సరిచేయాలని చట్టం వచ్చింది. కాబట్టి ఇయ్యాల చేయాల్సిన మొదటి పని, నాయనమ్మ మంచం వేరే గదికి మార్చుడు. బీరువాను గోడకు జానెడు దూరం జరుపుడు. దీనికి రూపాయి ఖర్చు లేదు.

వాటర్‌ప్రూఫ్ పెయింటు లోపలి నుంచి వేసినా అదే కథ. తడి వచ్చే దారి మూయకుండా పోయే దారి మూస్తే అది ఇంకా పైకెక్కి వేరే చోట తేలుతది. కొంతమంది కన్నాలు వేసి ఫోమ్ కొట్టిస్తరు, అది ఇంకా ఘోరం. మళ్లీ తీయాలంటే గోడే పోవాలె.

గోడ పడగొట్టుడు ఎందుకు వద్దు? ముందు మనం తెలుసుకోవాల్సింది ఒకటుంది, స్లాబ్ బరువు దేని మీద ఉంది? పిల్లర్లు, బీములు ఉన్న ఇల్లయితే గోడ ఉట్టి అడ్డం మాత్రమే. పిల్లర్లు లేని ఇల్లయితే లోపలి గోడే స్లాబ్‌ను మోస్తుండొచ్చు. అది మేస్త్రీ చెప్పే మాట కాదు, సివిల్ ఇంజనీరు వచ్చి చూసి చెప్పాలె. ఆయన ఫీజు దగ్గర పీనాసితనం చేయకండి.

పని వరుస ఇట్ల ఉంటది. ఫస్టు నీళ్లు వచ్చే దారి కట్టేయాలె: పిట్టగోడ పైభాగం, సజ్జ పగుళ్లు, పైపు, ఇంటి చుట్టూ నీళ్లు నిలవకుండా వాలు. తర్వాత బయటి గోడ అడుగు వరుసలో మూడు నాలుగు అడుగులకు ఒకటి చొప్పున నిలువు సందులోని మాలు తీసేసి నీళ్లు పోయే దారి చేసి, జాలి పెట్టాలె. మొదటి సందు తెరవంగనే నీళ్లు కారితే మీకు జవాబు దొరికినట్టే. పైన కూడా రెండు మూడు కన్నాలు ఉంటే గాలి ఆడతది.

కెమెరాలో అడుగు షీట్లు బాగా తడిసి, బురద పట్టి కనిపిస్తే వాటిని తీయాలె. బయటి గోడలో అడుగున రెండు మూడు అడుగుల పొడవు మాత్రమే ఇటుకలు తీసి, షీటు లాగి, మాలు గీకి, మళ్లీ కట్టి, అది గట్టిపడ్డంక పక్క ముక్క. మొత్తం ఒకేసారి తెరిస్తే పైగోడ దిగొచ్చు. తీసినచోట మళ్లీ థర్మకోల్ వద్దు, అడుగున ఖాళీనే మంచిది.

ఆ తర్వాత అందరూ తప్పు చేసేది ఆరబెట్టుడు దగ్గర. తడిసిన గోడ అంగుళం మందానికి నెల రోజులు అని ఇంగ్లండ్‌లో మోటు లెక్క ఒకటి ఉంది. మన ఎండకు ఇంకా తొందరగా ఆరుతది, అయినా నాలుగున్నర అంగుళాల గోడ పదిరోజుల్లో ఆరదు. లోపల ఊడిన లప్పం, మెత్తబడ్డ ప్లాస్టరింగ్ మరక కంటే అడుగు పైదాకా కొట్టేసి, కిటికీలు తెరిచి, ఫ్యాను పెట్టి వదిలేయండి. ఫిబ్రవరి, మార్చిలో మొదలుపెడితే మే వరకు ఎండే మన కూలీ. పాలిథిన్ టెస్టు మళ్లీ చేసి, చుక్కలు రాకపోతేనే ప్లాస్టరింగ్. చూడ్డానికి మూడు నెలలు ఇటుకలు కనిపిస్తయి. చుట్టాలు అడుగుతరు. అడగనీయండి.

"మరి ఎండ సంగతి ఏంటన్నా?" అంటరు. ఇక్కడ నాకు కొంచెం బాధ ఉంది. ఒక్క అంతస్తు ఇంటికి మన దగ్గర అసలు శత్రువు పడమర గోడ కంటే ముందు స్లాబ్. మనం ఉన్నది దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే 8 చుట్టుపక్కల సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నెత్తి మీద ఉంటడు, కరెంటు స్తంభానికి నీడ ఉండదు. ఆ టైంలో ఎండంతా మిద్దె మీదనే. గోడకు ఎండ సాయంత్రమే. అయినా జనం గోడకు యాభై వేలు పెట్టి మిద్దె నల్లగా వదిలేస్తరు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 600 గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి అన్నది. మనకు తప్పనిసరి కాకపోయినా తెల్ల సున్నం కొట్టడానికి ఎవరూ అడ్డం రారు కదా. పడమర గోడకు తెల్ల రంగు, సజ్జ, ఒక పందిరి, దాని మీద ఏదైనా తీగ. ఇవేవీ గోడ లోపలికి పోయేవి కావు, పాడైతే తీసేయొచ్చు.

కొత్తగా కట్టేటోళ్లు, మధ్యలో ఖాళీ కావాలంటే ర్యాట్ ట్రాప్ బాండ్ గురించి చదవండి. లారీ బేకర్ కేరళలో బాగా ప్రచారం చేసిన పద్ధతి. ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి తొమ్మిదంగుళాల గోడ కడతరు, నడుమ ఖాళీలు ఉంటయి, ఇటుకలు దాదాపు పావు వంతు మిగులుతయి. ఇటుక సైజు సమంగా ఉండాలె, మేస్త్రీకి ఓపిక ఉండాలె. ఖాళీలో ఏమీ నింపొద్దు.

ఇగ డబ్బుల సంగతి. ఇల్లు కట్టుడు కూడా వినియోగదారుల చట్టం కింద సేవే అని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది. కాంట్రాక్టుకు కట్టింది 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌కు పోవచ్చు, ఫీజు ఎక్కువలో ఎక్కువ వెయ్యి రూపాయలు. ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి అడగొచ్చు. కేసు వేయడానికి గడువు రెండేండ్లు, తమ్మీ, నీ మొదటి ఫొటో తేదీ చూసుకో. వరద నీళ్లు వచ్చినయి కాబట్టి "అది దేవుడి పని" అంటడు కాంట్రాక్టర్. సందులు పెట్టలేదన్నది మాత్రం ఆయన పనే. అగ్రిమెంటు కాయితం లేదు అన్నవు కదా, పేమెంట్ యాప్‌లో పంపిన డబ్బుల హిస్టరీ, "థర్మకోల్ పెడితే ఏసీ అక్కర్లేదు" అని ఆయన పెట్టిన వాట్సాప్ వాయిస్ మెసేజ్, ఇవి దాచుకో. ఫోన్ మార్చేటప్పుడు చాట్ బ్యాకప్ పోకుండా చూసుకో. గోడ తెరిచే రోజు వీడియో తీయి, తీసే ముందు కాంట్రాక్టర్‌కు "ఫలానా రోజు తెరుస్తున్నం, వచ్చి చూడు" అని రాసి పంపు. వస్తే మాట్లాడుకోండి. కోర్టు కంటే, ఆయన కూలీ ఇచ్చి ఆ అడుగు వరుస సరిచేసి పోవుడే మీ ఇద్దరికీ తక్కువ ఖర్చు.

నాయనమ్మ మంచం మార్చినంక ఒక మెసేజ్ పెట్టు. వైరు కెమెరా వీడియో కూడా పంపు, దాన్ని చూసుకుంటూ రెండో భాగం చేద్దాం.